ఎన్ని పేజీలన్నది తర్వాత, ముందు పని ఎక్కడ ఆగుతోందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. గోడౌన్‌కి వచ్చిన సరుకు వివరాలు ఎక్కించే ఫారం మీ దగ్గర ఒకే పొడవాటి పేజీలో ఉంది, అందులో 62 గడులున్నాయి. సిబ్బంది సగం నింపి వదిలేస్తున్నారు. నింపినవాటిలో తప్పులు ఎక్కువ, నెలాఖరుకి లెక్కలు కలవడం లేదు. దాన్ని స్టెప్ బై స్టెప్ ఫారంగా మార్చమని మీకు అప్పగించారు. ఎన్ని స్టెప్పులు పెట్టాలి, ఎలా విడగొట్టాలి, ఏ టూల్ వాడాలి అని అడిగారు.

పదిహేనేళ్లుగా ఆఫీసుల లోపల వాడుకునే ఇలాంటి ఫారాలే చేస్తున్నాను, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందుగా ఒక్క మాట. 62 గడుల్ని పేజీకి పది చొప్పున పంచేస్తే మీ సమస్య తీరదు. అవే గడులు అలాగే ఉంటాయి, మధ్యలో ఆరుసార్లు 'నెక్స్ట్' నొక్కే పని కొత్తగా వచ్చి పడుతుంది. ఫారాన్ని ఎక్కడ విడగొట్టాలో స్క్రీన్ చూస్తే తెలియదు. నింపే మనిషి చెయ్యి ఎక్కడ ఆగుతోందో చూస్తే తెలుస్తుంది.

కొన్నేళ్ల క్రితం దాదాపు మీలాంటి ఫారం పని మీదే ఒక గోడౌన్‌లో సరుకు దించుకునే చోట, గుమస్తా పక్కన కుర్చీ వేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. లారీ వచ్చింది. డ్రైవరు డెలివరీ చలాను, ఇన్వాయిస్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుమస్తా వాటిని చూస్తూ సప్లయర్ పేరు, ఆర్డర్ నంబరు, బండి నంబరు గబగబా కొట్టేశాడు. తర్వాతి గడి 'నికర బరువు'. అక్కడ చెయ్యి ఆగింది. కాటా చీటీ ఇంకా రాలేదు, లారీ కాటా దగ్గర వరసలో ఉంది. ఆ గడి నింపకపోతే ఫారం సేవ్ కాదు. ఒక్క క్షణం చూసి '1' అని కొట్టి ముందుకు పోయాడు. తర్వాత మార్చుకుంటానని, కీబోర్డు కింద పెట్టుకున్న కాగితం మీద బండి నంబరు రాసుకున్నాడు. సాయంత్రానికి ఆ కాగితం మీద తొమ్మిది నంబర్లున్నాయి. పని పూర్తయిందని గీత కొట్టినవి మూడే.

ఇంకొంచెం కిందికి పోతే 'క్వాలిటీ ఫలితం' అని మరో తప్పనిసరి గడి. శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లి ఫలితం మర్నాడు వస్తుంది. గుమస్తాకి ఆ రోజు అది తెలిసే దారే లేదు. డ్రాప్‌డౌన్‌లో మొదట కనిపించేది 'పాస్', కాబట్టి అందరూ అదే నొక్కుతున్నారు. అక్కడి మేనేజర్లు ఆ గడి ఆధారంగా నెలనెలా సప్లయర్ల నాణ్యత మీద రిపోర్టు తీస్తున్నారు. ఆ రిపోర్టు చూసినప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఖాళీగా ఉన్న గడి చూస్తే కనీసం 'తెలియదు' అని అర్థమవుతుంది. బలవంతంగా నింపించిన గడి మాత్రం అబద్ధం చెబుతుంది, పైగా నిజంలాగే కనిపిస్తుంది.

ఆ రెండు రోజుల్లో తేలింది ఏమిటంటే, అది ఒక ఫారం కాదు. గేటు దగ్గర కాగితాలు చేతికొచ్చినప్పుడు తెలిసేవి కొన్ని. కాటా దగ్గర తెలిసేవి కొన్ని. సరుకు దించి పెట్టెలు లెక్కపెట్టాక తెలిసేవి కొన్ని, అంటే బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పగిలినవి, తక్కువ వచ్చినవి. మర్నాడు ల్యాబ్ నుంచి వచ్చేది ఒకటి. ఇలా నాలుగు సందర్భాలు, ముగ్గురు మనుషులు, రెండు రోజులు. స్టెప్పులు కూడా నాలుగే అయ్యాయి. ఆ నాలుగు అనే అంకె నేను పెట్టింది కాదు, ఆ పనిలోంచే వచ్చింది. మీ దగ్గర మూడు కావచ్చు, ఐదు కావచ్చు. సమాచారం ఎప్పుడు, ఎవరి చేతికి వస్తుందో దాన్ని బట్టి విడగొట్టండి. డేటాబేస్‌లో ఏ టేబుల్‌లోకి పోతుందో, ఏ డిపార్ట్‌మెంట్ ఆ గడిని అడిగిందో దాన్ని బట్టి మాత్రం విడగొట్టకండి. చాలాచోట్ల జరుగుతున్న తప్పు ఇదే. 'అకౌంట్స్ వివరాలు', 'స్టోర్స్ వివరాలు', 'క్వాలిటీ వివరాలు' అని స్టెప్పులకు పేర్లు పెడతారు. ఒకే చలాను చూసి రాయాల్సిన నాలుగు విషయాలు మూడు పేజీల్లోకి చెదిరిపోతాయి, గుమస్తా అదే కాగితాన్ని మూడుసార్లు చేతిలోకి తీసుకోవాల్సి వస్తుంది.

ఒక స్టెప్ లోపల గడుల వరస కూడా కాగితం మీద ఉన్న వరసలోనే ఉండాలి. ఇన్వాయిస్‌లో నంబరు పైన, తేదీ పక్కన, మొత్తం అడుగున ఉంటే స్క్రీన్ మీదా అలాగే పెట్టండి. కన్ను కాగితం మీద పైనుంచి కిందికి ఒక్కసారి దిగితే స్టెప్ పూర్తయిపోవాలి. ఇది చాలా చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, రోజుకి నలభై లారీలు ఎక్కించే మనిషికి మెడనొప్పి తగ్గించేది ఇదే.

విడగొట్టడానికి ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది, అది తీసేయడం. 62 గడుల్నీ ఒక షీటులో వరసగా రాసి, ఒక్కోదాని పక్కన మూడు ప్రశ్నలకు జవాబులు రాయించండి. ఈ సమాధానాన్ని ఎవరు వాడతారు? దేనికి వాడతారు? ఇది తప్పుగా ఉంటే, లేదా అసలు లేకపోతే ఏమవుతుంది? ఫారాల మీద ఎంతో కాలంగా పనిచేస్తున్న కెరొలైన్ జారెట్ ఈ పద్ధతిని క్వశ్చన్ ప్రోటోకాల్ పేరుతో బాగా ప్రచారంలోకి తెచ్చారు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సేవల బృందం కూడా దీన్ని పాటించమని చెబుతుంది. మీటింగులో కూర్చుని 'ఏ గడి తీసేద్దాం' అని అడిగితే ఎవరూ ఏదీ వదులుకోరు. ఈ మూడు ప్రశ్నలు కాగితం మీద పెడితే మాత్రం కొన్ని గడుల పక్కన పేరు రాయడానికి మనిషే దొరకడు. ఎప్పుడో ఆడిట్ కోసం పెట్టారు, ఆ ఆడిట్ అయిపోయింది, గడి మిగిలిపోయింది. అలాంటివి ముందు తీసేయండి.

తర్వాత సిస్టమ్‌కి ముందే తెలిసినవి. ఆర్డర్ నంబరు కొట్టగానే సప్లయర్ పేరు, చిరునామా, వస్తువు, ఆర్డరు చేసిన పరిమాణం, ధర అన్నీ తెలుస్తాయి. వాటిని మళ్లీ టైప్ చేయించడం దేనికి? చూపించండి చాలు, తేడా ఉంటే 'ఆర్డరుతో సరిపోలడం లేదు' అని నొక్కే వీలు ఇవ్వండి. వైకల్యం ఉన్నవాళ్లు కూడా వెబ్‌సైట్లు వాడగలిగేలా చూసే వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలున్నాయి, 2023 అక్టోబరులో వచ్చిన వాటి 2.2 వెర్షన్‌లో దీనికి నియమమే ఉంది. ఒకే ప్రక్రియలో ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని మళ్లీ టైప్ చేయించకూడదు, దానంతటదే రావాలి లేదా ఎంచుకునేలా ఉండాలి. అది కిందిస్థాయి 'ఎ' నియమం, అంటే కనీసం ఉండాల్సిన వాటిలో ఒకటి. నేను చూసిన చాలా ఫారాల్లో ఈ రెండు పనులు చేసేసరికే గడులు దాదాపు సగానికి వచ్చేశాయి. ఒక్కోసారి ఆ తర్వాత స్టెప్పుల అవసరమే లేకపోయింది. మీకూ అలా జరిగితే సంతోషంగా ఒకే పేజీలో ఉంచేయండి.

ఇప్పుడు అందరూ చెప్పే 'పేజీకి ఒక్కటే ప్రశ్న' గురించి. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల వల్ల ఈ పద్ధతికి మంచి పేరొచ్చింది, అది న్యాయమైన పేరే. ఏళ్లకోసారి లైసెన్స్‌కో, పెన్షన్‌కో అప్లై చేసే మనిషికి పేజీకి ఒక విషయం పెడితే కంగారు తగ్గుతుంది, ఫోనులో నింపడం తేలికవుతుంది. మీ గుమస్తా అలాంటి మనిషి కాదు. అదే ఫారాన్ని అతను రోజంతా నింపుతాడు. అందులోని ప్రశ్నలు అతనికి కంఠతా వచ్చు. అతనికి కావాల్సింది వేగం. నేను మొదట్లో ఈ తేడా పట్టించుకోలేదు. ఒక ఆఫీసులో పదకొండు పేజీల ఫారం చేసిపెట్టాను, ఒక్కో పేజీలో రెండు మూడు గడులే, చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉండేది. నెల తిరిగేసరికి అక్కడి వాళ్లు రోజంతా ఎక్సెల్‌లో రాసుకుని, సాయంత్రం ఒక మనిషిని కూర్చోబెట్టి అన్నీ ఒకేసారి ఎక్కిస్తున్నారు. ఆ సాయంత్రం మనిషి దగ్గర చలాన్లు ఉండవు, అడగడానికి డ్రైవరూ ఉండడు. తప్పులు తగ్గడం మాట అటుంచి పెరిగాయి. వాళ్ల పని దినాన్ని నేనే కష్టపెట్టానన్న బాధ చాలా రోజులు ఉండిపోయింది.

అందుకే మీ వాళ్లను రెండు రకాలుగా చూడండి. రోజూ నింపేవాళ్లు, ఎప్పుడైనా ఒకసారి నింపేవాళ్లు. సెలవు మీద వెళ్లిన మనిషి బదులు కూర్చున్నవాళ్లకు, కొత్తగా చేరినవాళ్లకు దారి చూపే ఫారం కావాలి. ప్రతి గడి కింద ఈ నంబరు ఇన్వాయిస్‌లో ఎక్కడ ఉంటుందో చిన్న వివరణ, వీలైతే ఆ భాగం ఫొటో ఉండాలి. రోజూ చేసేవాళ్లకు అవే స్టెప్పులు ఉండాలి గానీ వివరణలు ముడుచుకుని ఉండాలి, మౌస్ ముట్టకుండా ట్యాబ్, ఎంటర్‌లతోనే చివరిదాకా పోగలగాలి, కొత్త పేజీ తెరుచుకోగానే కర్సర్ మొదటి గడిలో ఉండాలి. 'నెక్స్ట్' నొక్కాక తర్వాతి పేజీ వెంటనే రావాలి. ఒక్క సెకను దాటితే మనిషి ఆలోచన తెగుతుందని స్పందన సమయాల గురించి చాలాకాలంగా చెబుతున్న మాట, నా అనుభవంలోనూ అది నిజమే. నాలుగు పేజీల మధ్య మూడేసి సెకన్లు ఆగే ఫారం కంటే నిదానంగా తెరుచుకునే ఒకే పేజీ మేలు. ఇవి రెండు వేర్వేరు ఫారాలు కానక్కర్లేదు, ఒకే ఫారంలో 'వివరణలు చూపించు' అనే మీట సరిపోతుంది.

స్టెప్పులకు పనిలో వాడే పేర్లే పెట్టండి. 'స్టెప్ 2' కాదు, 'కాటా'. 'అదనపు సమాచారం' అనే పేరు ఎప్పుడూ పెట్టకండి, ఎక్కడా ఇమడని గడులన్నీ అందులోకే చేరతాయి. పైన పట్టీలో శాతాలు చూపించడం నాకు ఇష్టం ఉండదు, ముఖ్యంగా జవాబును బట్టి స్టెప్పులు మారే ఫారాల్లో. 60 శాతం అని చూపించి, ఒక జవాబు మార్చగానే 45కి వెనక్కి పోతే నింపేవాళ్లకు చిరాకొస్తుంది. మీలాంటి చోట, అంటే ఒక్క కూర్చోడంలో పూర్తికాని పనికి, పనుల జాబితా లాంటి పేజీ బాగుంటుంది. ఆ లారీ పేరు మీద నాలుగు వరసలు: గేటు పూర్తయింది, కాటా పూర్తయింది, దింపుడు సగంలో ఉంది, ల్యాబ్ ఇంకా మొదలవలేదు. ఎవరి వరస వాళ్లు తెరిచి నింపుకుంటారు. గుమస్తా కీబోర్డు కింద కాగితం చేసే పని ఇకనుంచి ఈ పేజీ చేస్తుంది.

వెనక్కి వెళ్లడం గురించి కచ్చితంగా ఉండండి. బ్రౌజర్ బ్యాక్ బటన్ నొక్కితే ముందటి స్టెప్‌కి వెళ్లాలి, కొట్టినవన్నీ అక్కడే ఉండాలి. ఒక్కసారి బ్యాక్ నొక్కి అంతా పోగొట్టుకున్న మనిషి ఆ ఫారాన్ని మళ్లీ నమ్మడు. ఒక్కో స్టెప్‌కి ఒక్కో యూఆర్ఎల్, అంటే బ్రౌజర్‌లో పైన కనిపించే సొంత వెబ్ చిరునామా, ఇస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. పైగా 'ఈ లారీ కాటా వివరాలు ఒకసారి చూడు' అని సహోద్యోగికి లింకు పంపుకోవచ్చు.

జవాబును బట్టి గడులు కనిపించడం, మాయమవడం అనే చోట ఒక చిక్కు ఉంది. 'సరుకు పాడైందా?' అంటే 'అవును' నొక్కి, ఎన్ని పెట్టెలు అన్నచోట 12 అని రాశారు. తర్వాత పొరపాటున నొక్కామని 'కాదు'కి మార్చారు. పెట్టెల గడి మాయమైంది. ఆ 12 సంగతేంటి? చాలా ఫారాల్లో అది లోపల అలాగే ఉండి సర్వర్‌కి వెళ్లిపోతుంది. పాడవని సరుకులో 12 పెట్టెలు పాడైనట్టు రికార్డు తయారవుతుంది. అలాగని 'కాదు' నొక్కగానే చెరిపేస్తే, చెయ్యి జారి నొక్కిన మనిషి అదంతా మళ్లీ కొట్టాలి. నేను పాటించేది ఏమిటంటే, ఫారం తెరిచి ఉన్నంతసేపు ఆ విలువను దాచి ఉంచుతాను, మళ్లీ 'అవును' నొక్కితే తిరిగి కనిపిస్తుంది. పంపేటప్పుడు మాత్రం, అప్పటికి స్క్రీన్ మీద కనిపిస్తున్న గడుల విలువలే పంపుతాను. సర్వర్ వైపు కూడా అదే నియమం మరోసారి సరిచూస్తుంది.

సేవ్ చేయడం మీద మాత్రం మీ టీమ్ సమయం పుష్కలంగా పెట్టండి. ప్రతి స్టెప్ చివర దానంతటదే సేవ్ కావాలి, మధ్యలో గడి మారినప్పుడు కూడా అయితే ఇంకా మంచిది. సేవ్ అయిందన్న సంగతి కనిపించాలి, '10:42కి సేవ్ అయింది' అన్న చిన్న మాట చాలు టెన్షన్ తగ్గడానికి. డ్రాఫ్టును, అంటే సగం నింపిన ఫారాన్ని, ఎక్కడ దాస్తారన్నది ముఖ్యం. బ్రౌజర్‌లో మాత్రమే దాస్తే, గేటు దగ్గర కంప్యూటర్లో మొదలుపెట్టింది దింపుడు దగ్గర ట్యాబ్లెట్‌లో కనిపించదు. కాబట్టి అసలు డ్రాఫ్టు సర్వర్‌లోనే ఉండాలి. నెట్‌వర్క్ పోయే మూలలు గోడౌన్లలో ఉంటాయి కనుక, పంపలేకపోయినవాటిని నిలబెట్టుకోవడానికి బ్రౌజర్ లోపలి నిల్వను అదనంగా వాడండి. డేటాబేస్‌లో డ్రాఫ్టుకీ పూర్తయిన రికార్డుకీ ఒకే టేబుల్ వాడి, అన్ని కాలమ్‌లనూ తప్పనిసరి చేస్తే మళ్లీ మొదటికే వస్తారు, ఆ '1' అనే బరువు తిరిగి పుడుతుంది. డ్రాఫ్టులను వేరే టేబుల్‌లో ఉంచి, కఠినమైన నియమాలు పూర్తిచేసే క్షణంలోనే వర్తింపజేయండి.

సెషన్ గడువు, అంటే ఎంతసేపు ముట్టకపోతే సిస్టమ్ లాగౌట్ చేస్తుందో, అది కూడా చూసుకోండి. గుమస్తా లేచి కాటా దగ్గరికి వెళ్లి పావుగంటకి వస్తాడు. వచ్చేసరికి లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయితే ఖాళీ ఫారం కనిపిస్తే? యాక్సెసిబిలిటీ ప్రమాణాలు చెప్పేది, గడువు ముగిసేముందు హెచ్చరించి, ఒక్క మీట నొక్కి పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని. కుర్చీలో లేని మనిషికి ఆ 20 సెకన్లు పనికిరావు. అతనికి కావాల్సింది, మళ్లీ లాగిన్ కాగానే ఆపిన గడి దగ్గరికే తిరిగి చేరడం.

ఇంకో రెండు ప్రమాదాలున్నాయి, మొదట్లోనే అడ్డుకట్ట వేయండి. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు 'సబ్మిట్' రెండుసార్లు నొక్కుతారు, ఒకే లారీ రెండుసార్లు స్టాక్‌లోకి చేరుతుంది. ఫారం తెరిచినప్పుడే దానికొక ప్రత్యేక గుర్తు ఇచ్చి, అదే గుర్తుతో రెండోసారి వస్తే సర్వర్ కొత్త రికార్డు తయారు చేయకుండా పాతదాన్నే చూపించాలి. రెండోది, ఇద్దరు ఒకే డ్రాఫ్టు తెరవడం. ఎవరు ఆఖరున సేవ్ చేస్తే వాళ్లదే నిలిచి, మొదటివాళ్ల శ్రమ చడీచప్పుడు లేకుండా పోతుంది. స్టెప్పులవారీగా విడివిడిగా సేవ్ చేస్తే ఇది చాలా తగ్గుతుంది. మిగిలిన సందర్భాలకు, సేవ్ చేసిన ప్రతిసారీ మారే వెర్షన్ నంబరు ఒకటి పెట్టి, దాన్ని సరిచూసి, 'మీరు తెరిచాక వేరొకరు మార్చారు' అని చెప్పి రెండూ పక్కపక్కన చూపించండి.

తప్పులు పట్టడం గురించి ఇప్పుడు. నియమాలు రెండు రకాలు. కొన్ని నిజంగా అసాధ్యాలు, ఉదాహరణకి రేపటి తేదీన సరుకు వచ్చినట్టు రాయడం. వాటిని ఆపేయండి. కొన్ని అరుదైనవి గానీ జరగగలిగేవి, ఆర్డరు కంటే ఎక్కువ సరుకు రావడం లాంటివి. వాటిని ఆపితే మనిషి అబద్ధం రాస్తాడు. అక్కడ హెచ్చరించి, కారణం అడిగి, ముందుకు పోనివ్వండి. ఈ తేడా మర్చిపోయి అన్నింటికీ ఎర్ర బాక్సు పెట్టేస్తే ఏ హెచ్చరికనూ ఎవరూ చదవరు. 2005 డిసెంబరు 8న మిజుహో సెక్యూరిటీస్ అనే జపాన్ షేర్ల వ్యాపార సంస్థలో ఒక ఉద్యోగి, జేకామ్ అనే కంపెనీ షేరు ఒకటి 6,10,000 యెన్లకు అమ్మాల్సింది, 6,10,000 షేర్లు ఒక్కో యెన్‌కి అని ఎక్కించాడు. స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చింది. దాన్ని దాటేసి ముందుకు వెళ్లారు. నష్టం 4,000 కోట్ల యెన్లు దాటింది. పక్కపక్కనున్న రెండు గడుల్లో అంకెలు తారుమారవడం ఎంత మామూలు విషయమో ఆలోచించండి. మీ ఫారంలోనూ 'పరిమాణం', 'ధర' అలాగే పక్కపక్కన ఉండి ఉంటాయి.

ఇంకా దగ్గరగా చూడాల్సింది సిటీబ్యాంక్ సంగతి. 2020 ఆగస్టు 11న రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ అప్పు మీద దాదాపు 78 లక్షల డాలర్ల వడ్డీ అప్పిచ్చినవాళ్లకు పంపాల్సి ఉంది. సిటీబ్యాంక్ వాడే ఫ్లెక్స్‌క్యూబ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పని చేయాలంటే మొత్తం అప్పు తీర్చినట్టు ఎక్కించి, అసలు సొమ్ము మాత్రం బయటికి పోకుండా బ్యాంకు లోపలి ఖాతాకు మళ్లించాలి. అందుకు 'ప్రిన్సిపల్' (అసలు), 'ఫ్రంట్', 'ఫండ్' అనే మూడు గడులూ నింపాలి. ఎక్కించిన మనిషి 'ప్రిన్సిపల్' ఒక్కటే నింపాడు, పేరును బట్టి చూస్తే ఎవరైనా అదే చేస్తారు. మొత్తం ముగ్గురు చూసి ఆమోదించారు. సొమ్ము బ్యాంకు బయటికి వెళ్తుంది, కొనసాగాలా అని హెచ్చరిక వచ్చింది. వడ్డీ ఎలాగూ బయటికి వెళ్లాల్సిందే కదా, అందుకని అది ఎవరికీ వింతగా అనిపించలేదు. ఎంత సొమ్ము అన్నది ఆ హెచ్చరికలో లేదు. దాదాపు 90 కోట్ల డాలర్లు వెళ్లిపోయాయి. కొంత తిరిగొచ్చింది, మిగతాదాని కోసం కోర్టుల్లో పోరాడి, 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు బ్యాంకు పక్షాన తీర్పిచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

నేను దీన్ని కొత్తగా చేరే ప్రతి డిజైనర్‌కీ చెబుతాను, ఎందుకంటే అక్కడ మనుషులు అజాగ్రత్తగా లేరు. ముగ్గురూ చూశారు. ముగ్గురికీ ఒకే అర్థంకాని స్క్రీన్ కనిపించింది. మీ ఫారంలో రెండో మనిషి ఆమోదం పెట్టాలనుకుంటే, ఆ మనిషికి గడులు కాకుండా ఫలితం చూపించండి. 'ఇది ఆమోదిస్తే స్టాక్‌లో 480 పెట్టెలు చేరతాయి, ఆర్డరులో ఉన్నది 48' అన్న వాక్యం కనిపిస్తే తప్పు దొరుకుతుంది. 'కొనసాగించాలా?' అన్న ప్రశ్నతో దొరకదు.

తప్పు చూపించే మాట ఎప్పుడు రావాలంటే, గడి వదిలి బయటికొచ్చాక. టైప్ చేస్తూ ఉండగానే ఎర్రబడితే పూర్తిచేయకముందే తిట్టినట్టుంటుంది. మాట గడి పక్కనే ఉండాలి, స్టెప్ పైన కూడా మొత్తం జాబితా ఉండి, నొక్కితే ఆ గడికే తీసుకెళ్లాలి. రంగు ఒక్కటే నమ్ముకోకండి, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మీ సిబ్బందిలో ఉండొచ్చు. కొట్టింది చెరిపేయకండి. 'చెల్లని విలువ' అని రాయకండి. 'ఆర్డర్ నంబరులో 10 అంకెలుండాలి, మీరు కొట్టినదాంట్లో 9 ఉన్నాయి' అంటే సరిదిద్దుకోవడం క్షణంలో పని. నంబరు మధ్యలో ఖాళీలు, గీతలు వస్తే తప్పని చెప్పకుండా మీరే తీసేయండి, అది కంప్యూటర్ చేయాల్సిన పని.

గడుల రకాల దగ్గర నేను పదేపదే చూసే పొరపాట్లు కొన్ని చెబుతాను. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో 'నంబర్' రకం గడి అన్ని అంకెలకూ కాదు. మౌస్ చక్రం తిప్పితే కొన్ని బ్రౌజర్లలో అంకె మారిపోతుంది, ఎవరూ గమనించరు. ఆర్డర్ నంబరు, బ్యాచ్ నంబరు లాంటివి లెక్కలు కట్టే అంకెలు కావు, పేర్లు. వాటిని టెక్స్ట్ గడిలో తీసుకుని, ఫోనులో అంకెల కీబోర్డు వచ్చేలా ఇన్‌పుట్‌మోడ్ అనే సెట్టింగ్ పెట్టండి, డేటాబేస్‌లోనూ టెక్స్ట్‌గానే దాచండి. లేదంటే మొదట ఉన్న సున్నాలు ఎగిరిపోతాయి. ఎక్సెల్‌కి ఎగుమతి చేసినప్పుడు కూడా ఇదే గోల. సెప్ట్2, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, జన్యువుల పేర్లు నిర్ణయించే కమిటీ చివరికి 2020లో ఆ పేర్లనే మార్చుకోవాల్సి వచ్చింది. తేదీ గడి పక్కన రోజు, నెల, సంవత్సరం వరస రాసి ఉంచండి, 03/04 అంటే ఏప్రిల్ మూడో మార్చి నాలుగో నింపేవాళ్లకు సందేహం రాకూడదు. దాచేటప్పుడు సంవత్సరం, నెల, రోజు వరసలో దాచండి. బరువు గడిలో 'కిలోలు' అన్న మాట గడి పక్కనే ఎప్పుడూ కనిపించాలి, గడి లోపల బూడిదరంగులో రాస్తే టైప్ చేయగానే మాయమవుతుంది. డ్రాప్‌డౌన్‌లో ఏదీ ముందే ఎంచి ఉంచకండి, ఆ 'పాస్' సంగతి గుర్తుంది కదా.

అన్నీ అయ్యాక, పంపేముందు ఒక సరిచూసుకునే పేజీ పెట్టండి. స్టెప్పులవారీగా జవాబులన్నీ, ప్రతిదాని పక్కన 'మార్చు' లింకు. అది నొక్కి ఒక గడి సరిదిద్దిన మనిషి తిరిగి నేరుగా ఈ పేజీకే రావాలి, మిగతా స్టెప్పులన్నీ మళ్లీ దాటించకూడదు. కాగితం చూసి ఎక్కించే పనికి ఈ పేజీలో వరస కూడా కాగితం వరసే ఉంటే వేలు పెట్టి సరిచూసుకుంటారు.

టూల్ సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే పైవన్నీ తేల్చుకుంటే అది తేలిగ్గా తేలిపోతుంది. గూగుల్ ఫామ్స్‌లో సెక్షన్లు చేసి, జవాబును బట్టి వేరే సెక్షన్‌కి పంపొచ్చు. ఒక మనిషి ఒక్క కూర్చోడంలో నింపే ఫారానికి అది చాలు. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు కొనసాగించాలంటే మాత్రం కుదరదు, మీకు కావాల్సింది సరిగ్గా అదే. ఇప్పటికే మైక్రోసాఫ్ట్ వాతావరణంలో ఉంటే పవర్ యాప్స్ అనే వాళ్ల యాప్ తయారీ టూల్‌తో చేయొచ్చు. సొంతంగా రాసే మనుషులుంటే సర్వర్ వైపు తయారయ్యే మామూలు పేజీలతో మొదలుపెట్టండి. నాలుగు స్టెప్పుల ఫారానికి పెద్ద ఫ్రేమ్‌వర్క్ అవసరం నాకైతే కనిపించదు.

తెరపై పెట్టకముందు కాగితం మీద గీసి, నిజమైన చలాన్లు ఇచ్చి, ఇద్దరు ముగ్గురు గుమస్తాల చేత పెన్సిల్‌తో నింపించండి. చలాన్లలో ఒకటి తప్పులున్నది, ఒకటి తడిసి చెరిగిపోయింది ఉండేలా చూసుకోండి. మీరు పక్కన కూర్చోండి, సాయం చేయకండి. పెన్సిల్ ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. తర్వాత అసలు ఫారంలో కూడా అదే కొలవండి. ఏ గడి దగ్గర ఎక్కువసార్లు తప్పు వస్తోంది, ఏ స్టెప్ దగ్గర డ్రాఫ్టులు రోజుల తరబడి నిలిచిపోతున్నాయి, ఏ గడిలో ఒకే విలువ అనుమానం వచ్చేంత తరచుగా పడుతోంది. '1', '999', 'ఎన్ఏ', ఒంటరి చుక్క, ఇవి వారానికోసారి వెతకండి. అవి కనిపించిన ప్రతిచోటా, తనకు తెలియని దాన్ని చెప్పమని మీ ఫారం ఎవరినో అడుగుతోందన్నమాట.

కొత్తది మొదలుపెట్టిన వారం పాత ఫారం కూడా చూడ్డానికి తెరిచి ఉంచండి, మీరు గానీ మీ టీమ్‌లో ఒకరు గానీ ఆ బల్ల దగ్గరే ఉండండి. మీ 62 గడుల జాబితా, ఎవరు ఎప్పుడు నింపుతారో రాసి ఇక్కడ పెడితే ఏ స్టెప్‌లోకి ఏది వెళ్లాలో కూర్చుని చూద్దాం. బండి నంబరు నుంచి మొదలుపెట్టండి.